రెండు పేర్ల బిడ్డ

యూదయ కొండసీమలో జెకర్యా యింట బిడ్డ పుట్టిన యెనిమిదవ దినమున ఇరుగుపొరుగువారును బంధువులును కూడివచ్చి, ఆ బిడ్డకు తండ్రి పేరే పెట్టబోయిరని లూకా వ్రాసెను. తల్లి ఎలీసబెతు ఒప్పుకొనలేదు. యోహాను అను పేరే పెట్టవలెనని ఆమె పట్టుపట్టెను. అప్పుడు బంధువులు తెలిపిన అభ్యంతరము గమనింపదగినది. ఆ పేరు దేవునికి ఇష్టము కాదని వారనలేదు, ధర్మశాస్త్రమునకు విరుద్ధమనియు అనలేదు. ఆ వంశములో అట్టి పేరుగలవాడు ఒక్కడును లేడన్నదే వారి బాధ. చివరకు మాట పడిపోయిన తండ్రి పలక తెప్పించుకొని తీర్పు వ్రాయవలసివచ్చెను.

ఆ పలక నేటికిని తెలుగు క్రైస్తవ గృహములలో చేతులు మారుచునే యున్నది. నాయనమ్మ గతించిన తన భర్త పేరు దానియేలు నిలువవలెనని కోరును. తల్లి కొత్త పేరు వెదకును. రేపు బెంగుళూరులోనైనను డల్లాసులోనైనను నలుగురు తడబడక పలుకగలిగిన పేరు కావలెనని ఆమె తలంపు. మేనమామ బిడ్డ చదువును ఉద్యోగమును లెక్కించి, పేరు వినగానే మతము తెలియకుండుట మేలని మెల్లగా చెప్పును. పాస్టరుగారు వాక్యములోని పేరు పెట్టుడనును. విశ్వాసమును వంశమును రాబోవు కాలమును ఒక్క మాటకొరకు పెనుగులాడుచుండగా, ఆ మాటను జీవితాంతము మోయవలసినవాడు ఉయ్యాలలో నిద్రించుచుండును.

బైబిలు పేరు లేనిదే క్రైస్తవుడు కాడన్న తలంపు తెలుగు సంఘముతోపాటు పుట్టినది కాదు. 1866లో ఒంగోలు ప్రాంతపు మాదిగలలో మొదట ప్రభువు నంగీకరించి, క్లౌ దొరగారికి కుడిభుజమై నిలిచిన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము తరువాతను పేరయ్యగానే యుండెను. అతని భార్య నాగమ్మ నాగమ్మగానే యుండెను. తరతరములుగా తెలుగు క్రైస్తవులు పాడుకొనుచున్న కీర్తనలు అనేకము రచించిన పురుషోత్తమ చౌదరి పేరు విష్ణు నామమే. ఆయన కీర్తన పాడునపుడు ఆ పేరు చూచి ఏ సంఘమును పుస్తకము మూసివేయలేదు. 1895లో వినుకొండ ప్రాంతమున పుట్టిన మహాకవి గుర్రం జాషువ తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. ఆ క్రైస్తవ దంపతులు తమ శైవ నామములు తాము ఉంచుకొని, కుమారునికి యెహోషువ పేరు పెట్టిరి. ఆ జాషువ, 1964లో తన క్రీస్తు చరిత్రకు సాహిత్య అకాడమీ బహుమానము పొందినవాడు, తన కుమార్తెకు హేమలత యని పేరు పెట్టెను. మూడు తరములలో పేరు మూడు త్రోవలు త్రొక్కినది. ఇంటిపేరు మాత్రము కదలలేదు.

హేమలత వివాహమాడిన లవణం పేరునకును ఒక కథ యున్నది. ఆయన తండ్రి గోరా ప్రసిద్ధ నాస్తికుడు. ఉప్పు సత్యాగ్రహము జరిగిన 1930లో పుట్టిన కుమారునికి లవణమనియు, రెండవ ప్రపంచ యుద్ధకాలమున పుట్టినవానికి సమరమనియు పేర్లు పెట్టెను. దేవుని ఒప్పుకొనని ఆ తండ్రియు పేరు ఊరక పెట్టునది కాదని ఎరిగియుండెను. నేడు కాలెండరు వెనుక చూచి, చెవికింపుగా నున్న రెండక్షరములు తీసికొను విశ్వాసులకు ఈ ఒక్క విషయములో ఆ నాస్తికుడే గురువు కాదగును.

అట్లయిన మొదటి తరము తరువాత పల్లె సంఘములలో దానియేళ్లు, శామ్యూళ్లు, రూతమ్మలు, ఎస్తేరమ్మలు అంత విస్తారముగా ఎట్లు పుట్టుకొనివచ్చిరి? మిషనరీ దొరల మెప్పుకొరకని తేలికగా చెప్పువారు కలరు. వారు పల్లెల సంగతి మరచినవారు.

మనుస్మృతి రెండవ అధ్యాయము ముప్పదియొకటవ శ్లోకము నామకరణమును గూర్చినది. బ్రాహ్మణుని పేరు మంగళమును, క్షత్రియుని పేరు బలమును, వైశ్యుని పేరు ధనమును, శూద్రుని పేరు జుగుప్సను తెలుపవలెనని అది విధించుచున్నది. శూద్రునికంటె క్రిందివారిగా ఎంచబడినవారి గతి చెప్పనక్కరలేదు. తెలుగుదేశములో పుల్లయ్య, పెంటయ్య అను పేర్లు అన్ని కులములలోను కలవు. ముందు బిడ్డలు దక్కని తల్లి, మృత్యువు కన్నుగప్పుటకై, పసికందును ఎంగిలి విస్తరాకులపై పొర్లించియో పెంటకుప్పపై పరుండబెట్టియో ఆ పేరు పెట్టెడిది. అందులోనున్నది ప్రేమయే. కాని ఊరిలోని పుల్లయ్య పెద్దవాడైనపుడు పుల్లయ్యగారగును; మాలపల్లెలోని పుల్లయ్య ముసలివాడైనను పుల్లిగాడే. మోతుబరి యింటి పసివాడు తన తాత వయసుగల పాలేరును ఆ పేరుతోనే కేకవేసెడివాడు.

అట్టి యింట పుట్టిన పిల్లవాడు మిషను బడిలో చేరి, పంతులుగారు హాజరుపట్టీ తీసి దానియేలు అని నిండు పేరు పిలిచినపుడు ‘హాజరు’ అని లేచి నిలిచెను. ఆ పిలుపులో ‘గాడు’ లేదు. ఆ పేరు సింహముల బోనునుండి బ్రతికివచ్చినవాని పేరు. దానికి ఆ ఊరిలో కులము లేదు. ఏ కరణమును ఏ రెడ్డియు దానిని తన సొత్తని చెప్పజాలడు. ఊరిలోకి వెళ్లినపుడు దానియేలును దానిగాడుగా చేసినవారు లేకపోలేదు. అయినను బడిలోను గుడిలోను దినమునకు ఒక్కమారైనను నిండు పేరుతో పిలువబడుట ఎట్టిదో, పుట్టినది మొదలు గౌరవముగా పిలువబడినవారికి తెలియదు. ఆ పేర్లను పరదేశపు పేర్లని హేళన చేయుటకు ముందు ఈ సంగతి కొంచెము తలంచుట న్యాయము.

అయితే కాలము విచిత్రమైనది. కులము లేని ఆ పేరే ఒకటి రెండు తరములలో కులమును తెలుపు గుర్తైపోయినది. యేసుదాసు అని చెప్పగానే ఇంటి యజమానికి అద్దెయిల్లు ఖాళీ లేకుండపోవును. మరియొక ప్రక్కన, పై కులములనుండి వచ్చిన విశ్వాసులు కొందరు బైబిలు పేరు శ్రద్ధగా పెట్టి, ఆ పేరు వెనుక కులపు తోకను తగిలించుచున్నారు. దేవతల పేర్లను గూర్చి ఉపన్యసించువారు ఆ తోకను గూర్చి మాటాడరు. సంఘమునకు హాని దేనివలన ఎక్కువగా కలిగినదో గలతీయ పత్రిక చదివినవారు తేల్చుకొందురుగాక.

ఇక లేఖనములే యేమి చెప్పుచున్నవి? సౌలు మారుమనస్సు పొందగానే పౌలు అయ్యెనని ప్రసంగపీఠములనుండి తరచుగా వినబడును. అపొస్తలుల కార్యములు అట్లు చెప్పలేదు. దమస్కు మార్గమున వెలుగు చూచిన తరువాతను, అంతియొకయ సంఘములో బోధించునపుడును, సంఘము అతనిని పంపినపుడును అతడు సౌలే. కుప్రలో అధిపతి యెదుట నిలిచినపుడు మాత్రమే, సౌలునకు పౌలు అను మరియొక పేరు కలదని గ్రంథకర్త తెలుపుచున్నాడు. పౌలు పత్రికలలో వందనములు చెప్పబడినవారి పేర్లను పరీక్షించిన ఆశ్చర్యము కలుగును. ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదీతె దేవత యున్నది. అపొల్లో పేరులో అపొల్లో దేవుడున్నాడు. రోమా సంఘములోని హెర్మే పేరు గ్రీకుల దేవదూత పేరే. నేరియ యనునది వారి సముద్రదేవుని పేరు. అన్నిటికంటె వింత, తీతు పత్రికలోని అర్తెమా. ఎఫెసులో ఏ దేవిపేరిట జనులు రెండు గంటలసేపు పౌలు బోధకు విరోధముగా కేకలు వేసిరో, ఆ అర్తెమి పేరే పౌలు నమ్మి పనికి పంపదలచిన జతపనివాని పేరులో నున్నది. పౌలు అతని పేరు మార్చినట్లు ఎక్కడను లేదు.

పరిశుద్ధుల పేర్లు పెట్టు ఆచారము తరువాత మెల్లగా వచ్చినది. విశ్వాసుల బిడ్డలలో అనేకులకు పౌలనియు పేతురనియు పేర్లు కలవని మూడవ శతాబ్దమున అలెక్సంద్రియ బిషప్పు దియొనూసియు వ్రాసెను. అట్లు వ్రాసినవాని పేరు ద్రాక్షారసపు దేవుని పేరు! నాలుగవ శతాబ్దాంతమున యోహాను క్రిసొస్తోము, దీపములు వెలిగించి, దీపమునకొక పేరు పెట్టి, ఎక్కువసేపు వెలిగిన దీపము పేరు బిడ్డకు పెట్టు క్రైస్తవులను గద్దించి, పరిశుద్ధుల పేర్లు పెట్టుడని హెచ్చరించెను. ఆనాడు అది హెచ్చరికయే గాని చట్టము కాదు. చట్టమైనపుడు ఏమి జరిగినదో జెనీవా నగరము చూపినది. 1546లో ఒక తండ్రి తన కుమారునికి క్లోద్ అను పేరు కోరగా, అది ఆ ప్రాంతపు పూజ్యుడైన ఒక పరిశుద్ధుని పేరని, పాదిరి తండ్రిని అడుగక ఆ బిడ్డకు అబ్రాహాము అని బాప్తిస్మమిచ్చెను. తండ్రి బిడ్డను తిరిగి తీసికొనిపోయెను. వాక్యములోని పేరే పెట్టబడినది, కాని ఆ గుడిలో వాక్యమునకు కలిగిన మేలు ఏమియు కనబడదు.

ఈ చరిత్ర యంతయు తెలుగు సంఘమునకు వేడుక కథ కాదు. దీని అవసరము 1950 ఆగస్టు 10వ తేదీన వెలువడిన షెడ్యూల్డు కులముల ఉత్తరువు వద్ద తెలియును. ఆ ఉత్తరువు మూడవ పేరా హిందూమతము నవలంబించువారిని మాత్రమే షెడ్యూల్డు కులస్థులుగా ఎంచినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. తెలుగు రాష్ట్రములలో షెడ్యూల్డు కులములకు నూటికి 15 స్థానములుండగా, ఆ కులములనుండి క్రైస్తవులైనవారిని బి.సి. ‘సి’ తరగతిలో చేర్చి నూటికి ఒక్కటి ఇచ్చిరి. చెరువు గట్టున ఒకే పల్లెలో, ఒకే అవమానము ననుభవించిన అన్నదమ్ములలో ఒకడు ఆదివారము గుడికి పోయినందున పదునాలుగు స్థానముల దూరము వచ్చినది.

ఈ దూరములోనుండి పుట్టినవాడే రెండు పేర్ల బిడ్డ. సంఘపు రిజిష్టరులో అతడు శామ్యూలు. బడి రిజిష్టరులో శ్రీనివాసు. దీనిని గూర్చి రెండు తీర్పులు వినబడుచుండును. మనుష్యుల యెదుట ప్రభువును ఎరుగననుట ఇదియే అనునది మొదటిది. అన్యాయపు చట్టమునకు నిజము చెప్పవలసిన బాధ్యత లేదనునది రెండవది. మొదటి తీర్పు చెప్పువారిలో మతము మారినందున కోల్పోయినది ఏమియు లేనివారు ఎక్కువగా నుండుట గమనింపవలెను. తన బిడ్డ వైద్యకళాశాల సీటు పోదని తెలిసినవానికి ధైర్యము చౌకగా దొరకును. రెండవ తీర్పు చెప్పువారు మాత్రము, చట్టమును గూర్చి మాటాడుచు బిడ్డను మరచుచున్నారు.

ఇచ్చట రెండు సంగతులు ఒకదానితో నొకటి కలిసిపోయినవి; వాటిని విడదీయవలెను. శ్రీనివాసు అను పేరు అబద్ధము కాదు. అర్తెమా పేరు అబద్ధము కానప్పుడు ఇదియు కాదు. దరఖాస్తులో మతము అను గడి వేరు. అక్కడ వ్రాయునది ఒక వాఙ్మూలము. ఆ గడిలో ఏమి వ్రాయవలెనో ప్రతి కుటుంబమును తన మనస్సాక్షితోను దేవునితోను తేల్చుకొనవలెను. ఆ చట్టపు అన్యాయమును గూర్చి సంఘమంతయు, ముఖ్యముగా దానివలన నష్టము లేనివారు, నోరు తెరువవలెను. పేరు మార్చినంతమాత్రమున ఆ గడిలోని చిక్కు తీరదు.

కాని పేర్లు రెండైనపుడు బిడ్డకు జరుగునది వేరు. ఆరేండ్లవానిని బడికి తీసికొనిపోవుచు, అక్కడ శామ్యూలు అని చెప్పకుమని తల్లి చెప్పును. వాడు ఎందుకని అడుగును. ఆమె ఏ కారణము చెప్పినను, వాడు గ్రహించునది ఒక్కటే: ఇంటిలో బిగ్గరగాను వీధిలో లోగొంతుకతోను పలుకవలసిన మాట యొకటి కలదని. ఆదివారపు బడిలో ఎన్ని వచనములు వల్లించినను, వాడు మొదట నేర్చిన ఆ పాఠము మీదనే వల్లించును. సుమారు 310వ సంవత్సరమున కైసరయలో పట్టుబడిన కొందరు ఐగుప్తు విశ్వాసులకును రెండు పేర్లుండెను. విగ్రహముల పేర్లు గల తమ పుట్టు పేర్లు విడిచి ఏలీయా, యిర్మీయా, యెషయా, శామ్యూలు, దానియేలు అను ప్రవక్తల పేర్లు వారు ధరించిరని చరిత్రకారుడైన యుసేబియు వ్రాసెను. న్యాయాధిపతి అడిగినపుడు వారు చెప్పినది తమకు అపాయము తెచ్చు రెండవ పేరే. పుట్టు పేరు చెప్పి తప్పించుకొను తలంపు వారికి లేదు. రెండు పేర్లుండుటలో దోషము లేదు. ఏది ఎక్కడ చెప్పుదురనుటలోనే భేదమున్నది.

ఈ రెండవ పేరు పుట్టుటలో సంఘమునకును పాలు కలదు. లూథరన్ సంఘములలోను దక్షిణ ఇండియా సంఘములోను శిశువునకు తొట్టియొద్ద పేరు పలికి నీళ్లు చల్లుదురు. బాప్తిస్టు సంఘములలో శిశు ప్రతిష్ఠ చేసి, పెరిగిన తరువాత నీటిలో దిగునపుడు పేరు పిలుతురు. ఎచ్చటనైనను, తలిదండ్రులు తెచ్చిన తెలుగు పేరు చాలదు, వాక్యములోని పేరు కావలెనని పట్టుపట్టు పాస్టరుగారు, తాను ఎరుగకయే ఆ బిడ్డకు రెండవ పేరును చేతికిచ్చుచున్నాడు. తండ్రి ‘అట్లే కానిండు’ అని తల ఊపి, మరునాడు బడిలో తన యిష్టము వచ్చిన పేరు వ్రాయించును. శ్రీనివాసు అను పేరుతోనే ఆ బిడ్డకు బాప్తిస్మమిచ్చి, ప్రతి ఆదివారము ఆ పేరుతోనే పిలిచి, ఆ పేరుతోనే బల్లయొద్దకు రానిచ్చినయెడల, బడిలో పిలుపును గుడిలో పిలుపును ఒక్కటగును. హెర్మేకు వందనములు వ్రాసిన అపొస్తలుని సంఘమునకు ఇది కొత్త పని కాదు. ఒక్క పేరున్నవాడు దానిని విశ్వాసముతో నింపుకొనవచ్చును. రెండున్నవాడు మొదట ఏది తనదో వెదకుకొనవలెను.

నవీన నామములను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. నాయనమ్మ రాహేలమ్మ, మనుమరాలు రేచల్; తాత మోషే, మనుమడు మోజెస్. పేరు మారలేదు, భాష మారినది. ఇది భక్తి విషయము కాదు, ఇంగ్లీషు మీడియము విషయము. తండ్రి పేరులో ఒక అక్షరమును తల్లి పేరులో ఒక అక్షరమును కలిపి అతికించిన పేర్లకు అర్థము వెదకుట వృథా. అయినను అవి పెట్టినవారి ప్రేమను శంకింపనక్కరలేదు.

విచారింపదగిన నష్టము మరియొకటి కలదు. తెలుగు సంఘము తన సొంత ముద్రాశాలలో కొన్ని పేర్లు ముద్రించినది: కృపావరము, దయామణి, సత్యానందము, ఆశీర్వాదము, సువార్తమ్మ, జీవరత్నము. ఇవి హెబ్రీ పేర్లు కావు, దేవతల పేర్లు కావు, దొరల పేర్లు కావు. సువార్త విన్న తెలుగువారు తమ భాషలో తాము కూర్చుకొన్నవి. వాటిలో దాచునదియు లేదు, చాటునదియు లేదు, తెలిసినవారికి తెలియును. దోర్నకల్లులో 1939లో ప్రతిష్ఠింపబడిన దేవాలయమునకు బిషప్పు అజరయ్యగారు పరదేశపు గోపురములు తేక ఈ దేశపు స్తంభములను శిల్పములను కోరిన బుద్ధియే ఈ పేర్లలోను ఉన్నది. నేటి యువ దంపతులకు అవి పాతకాలపు పేర్లుగా, పల్లెటూరి పేర్లుగా కనబడుచున్నవి. కృప, దయ అని కురుచ చేసికొనియైనను ఆ పేర్లను నిలుపుకొనువారు ఇంకను కొందరు కలరు.

ఆ బిషప్పు పేరు, అజర్యా, బబులోను రాజు నపుంసకుల యధిపతి ఒక చెరపట్టబడిన యువకునియొద్దనుండి తీసివేసిన పేరు. అతనికి మారుగా అబేద్నెగో అని, అనగా నెబో దేవుని దాసుడని పేరు పెట్టిరి. దానియేలు గ్రంథము మొదటి అధ్యాయములో ఏడవ వచనమును ఎనిమిదవ వచనమును ప్రక్కప్రక్కన చదువవలెను. ఏడవ వచనములో నలుగురికిని విగ్రహముల పేర్లు పెట్టిరి. ఎవరును ఎదిరించినట్లు లేదు. ఎనిమిదవ వచనములో దానియేలు రాజు భోజనమును నిరాకరించెను. పేరు పెట్టుట రాజు చేతిలోనున్నది, నోరు తనచేతిలోనున్నది. తరువాత అగ్నిగుండములో త్రోయబడినపుడును గ్రంథము వారిని షద్రకు, మేషాకు, అబేద్నెగో అనియే పిలుచుచున్నది.

రెండు పేర్లను సమర్థించువారు తప్పక ఎత్తి చూపునది ఎస్తేరు గ్రంథము. ఆమె స్వజనుల పేరు హదస్సా. ఆ పేరు గ్రంథమంతటిలో ఒక్కమారే కనబడును. తన జనమును తెలియజేయవద్దని మొర్దెకై ఆజ్ఞాపించెను, ఆమె అట్లే చేసెను, ఇదంతయు నిజమే. కాని అదే మొర్దెకై తరువాత గోనెపట్ట కట్టుకొని, ఇక దాచవద్దని వర్తమానము పంపెను. మూడు దినములు ఉపవాసముండి ఆమె రాజు ముందర నిలిచెను. రెండవ విందునాడు తన జనము ఎవరో, తన ప్రాణము ఎవరితో కూడినదో విప్పి చెప్పెను. అది చెప్పుటకు ఆమె హదస్సా అను పేరును మరల ధరింపలేదు. ఎస్తేరుగానే చెప్పెను.